సైడు అయ్యేదాకా

"మల్లాపూర్ దాటిన. ఆన్ జెయ్."

అంతే. కంపెనీ బస్సులోంచి పాండురంగ రోజూ చేసే ఫోనులో ఉండేవి ఈ రెండు ముక్కలే. కమలకుమారి "ఆఁ" అని రిసీవర్ పెట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని హాల్లోకి వెళ్తుంది. ఆంప్లిఫయర్ మీద కప్పిన తెల్లగుడ్డ తీసి మడతపెట్టి పక్కన ఉంచుతుంది. స్విచ్ నొక్కుతుంది. డబ్బా మీద వరసగా నిలబెట్టిన గాజు వాల్వుల్లో ముందు ఏమీ కనబడదు. కాసేపటికి లోపలి సన్నటి తీగ ఎర్రబడుతుంది, ఆ తర్వాత నారింజ రంగుకు తిరుగుతుంది. అవి బాగా వేడెక్కితే గానీ పాట పాటలా ఉండదట. చర్లపల్లి నుంచి వచ్చే బస్సు ఆయన్ని నాచారంలో దించి, ఆయన హెచ్ఎంటీ నగర్ సందులోకి నడిచొచ్చి, కాళ్లు కడుక్కుని చాయ్ తాగేసరికి డబ్బా తయారుగా ఉండాలి. ఆ ఇంట్లో పాండురంగ వచ్చేసరికి వేడిగా ఉండాల్సినవి చాయ్, స్నానానికి నీళ్లు, ఆ డబ్బా. వేడి చేసే చెయ్యి మాత్రం అన్నిటికీ ఒకటే.

స్విచ్ నొక్కాక ఆమె కుర్చీ సర్దాలి. రెండు స్పీకర్లకూ సరిగ్గా ఎదురుగా, రెంటికీ సమానమైన దూరంలో ఒక పేము కుర్చీ ఉంటుంది. దాని కాళ్లు ఎక్కడుండాలో పాండురంగ నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. ఇల్లు తుడిచేటప్పుడు ఆ గీతల చుట్టూ గుడ్డను ఎంత జాగ్రత్తగా తిప్పాలంటే, వాకిట్లో ముగ్గు చెరిపినా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు గానీ అవి చెరిగితే ఆ పూట అన్నం సహించదు ఆయనకు. ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోరు. ఆదివారాలు వచ్చే స్నేహితులను మాత్రం మర్యాదకు ఒక్కొక్క పాటకు ఒక్కొక్కరిని కూర్చోబెడతాడు. కమలకుమారికి ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు. దక్కాలని ఆమెకూ తోచలేదు. దేవుడి పీట మీద కూర్చోవాలని ఎవరికైనా తోస్తుందా?

ఆ డబ్బాకు ఒక కథ ఉంది. వచ్చిన ప్రతివాళ్లకీ పాండురంగ చెప్తాడు. సికింద్రాబాద్‌లో మూతపడ్డ ఒక ఇరానీ హోటల్లో, గల్లాపెట్టె వెనక, దుమ్ములో పడున్నదాన్ని ఎట్లా చూశాడో, తుక్కువాడి చేతిలో పడకుండా ఎట్లా తెచ్చాడో, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ ఎట్లా చుట్టించాడో, కండెన్సర్లు ఒక్కొక్కటీ మార్చి, వాల్వులు ఎక్కడెక్కడో వెతికి పట్టుకుని, వెనకగదిలో ఎన్ని ఆదివారాలు తపస్సు చేశాడో. కథ బాగానే చెప్తాడు. అందులో లేనిది ఒక్కటే, ఆ వెనకగదిని కమలకుమారి ఎవరి కోసం ఖాళీ చేసిందో.

కమలకుమారి తల్లి ఉప్పలమ్మది ఆలేరు దగ్గర పల్లె. ఆమెకు దమ్ము, ఊపిరాడని రోగం. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించుకోవడానికి వస్తే నాలుగు రోజులు వెచ్చగా పడుకుంటుందని కమలకుమారి ఆ గదిలోని పాత సామానంతా అటక ఎక్కించి మంచం వేసింది, కిటికీకి దోమజాలీ కొట్టించింది. ఆ మంచం మీదే మొదట డబ్బా విప్పుకుంది. "మీ అమ్మ వచ్చినప్పుడు తీస్త తియ్" అన్నాడు పాండురంగ. ఆమె వచ్చినప్పుడు అన్నీ విప్పి ఉన్నాయి, కదిలిస్తే కలగాపులగం అవుతాయి కాబట్టి తియ్యలేదు. ఉప్పలమ్మ హాల్లో చాప మీద పడుకుంది. లోపల్నుంచి వచ్చే సోల్డరింగ్ పొగకు తెల్లార్లూ దగ్గింది. "గదేందో అల్లుడు పని జేసుకుంటుండు, చేసుకోనియ్ బిడ్డా. నాకు మన ఊరి గాలే మంచిది" అని డాక్టరుకు చూపించిన మర్నాడే బస్సెక్కింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ఉప్పలమ్మ వారానికోసారి ఊళ్లోని ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసేది. రిసీవర్ ఎత్తగానే మాట వినబడేది కాదు. ముందు ఊపిరి వినబడేది. బూతు దాకా నడిచొచ్చిన ఆయాసం కదా, ఛాతీ నిండా గాలి కూడగట్టుకుంటే గానీ మాట బయటికి రాదు. ఆ ఊపిరి వినగానే కమలకుమారి ఇటునుంచి "చెప్పమ్మ" అనేది. అప్పుడు అటునుంచి, "కమలా, మంచిగున్నవా బిడ్డా" అని వచ్చేది. తల్లీకూతుళ్ల మాటలన్నీ అట్లాగే మొదలయ్యేవి. ముందు ఊపిరి, తర్వాత "చెప్పమ్మ", ఆ తర్వాత మిగతావి.

డబ్బాకు ప్రాణం వచ్చాక ఇంటికి ఒక శాసనం కూడా వచ్చింది. రికార్డు మీద సూది పెట్టాక ఆ సైడు అయ్యేదాకా చప్పుడు ఉండకూడదు. కుక్కర్ కూత వెయ్యకూడదు. మిక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సింకులో నల్లా చుక్క చుక్క పడకుండా కింద గుడ్డ పెట్టాలి. ఎండాకాలంలో కూడా ఫ్యాన్ ఆపేయాలి. అత్తగారు శ్యామలమ్మ బీపీ గోలీ వేసుకోవడానికి నీళ్లు అడగాలన్నా సైడు అయ్యేదాకా ఆగాల్సిందే. ఫోను మోగకుండా రిసీవర్ తీసి పక్కన పెట్టాలి. ఎవరైనా మాట జారితే పాండురంగ కసిరేవాడు కాదు, కసరడం కూడా చప్పుడే కదా. కళ్లు మూసుకునే చూపుడువేలు పెదాల మీద పెట్టుకునేవాడు. ఆ వేలు లేచిందంటే గోడ మీది బల్లి కూడా ఆగాల్సిందే.

నిరుడు జూలై మొదటి ఆదివారం ఆ డబ్బా తొలిసారి నలుగురి ముందు పాడింది. ఉప్పల్‌లో కొత్త స్టేడియం కట్టిన రోజులవి. ముసురు పట్టి ఉంది. హబ్సిగూడలోని పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన సీతారామయ్య, కంపెనీలో తోటి ఇంజినీర్లు ఇద్దరు వచ్చారు. నూనె చిటపటలు పాటకు అడ్డమని కమలకుమారి మిర్చి బజ్జీలు ముందే వేసి మూతపెట్టింది. "ఫోన్ తీసి పక్కకు పెట్టు" అన్నాడు పాండురంగ. పెట్టింది. ఎవరో పాతకాలపు గాయని, ఉర్దూ గజళ్లు. ఒక సైడుకూ ఇంకో సైడుకూ మధ్య చాయ్, మంచినీళ్లు, చట్నీ అంటూ తిరగడంలో రిసీవర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. "ఊపిరి తీసుకునుడు వినుండ్రి సార్. చరణానికి ముందుగల్ల ఆమె ఊపిరి తీసుకుంటది, అది గూడ వినబడుతది. గిది మీ కొత్త సెట్ల వస్తదా?" అని పాండురంగ అందరికీ చూపించాడు. నలుగురు మగవాళ్లు తలలు వంచి, కళ్లు మూసుకుని, ఒక ఆడమనిషి ఊపిరి కోసం చెవులు రిక్కించారు.

అప్పుడే కింది వాటా దుర్గాభవాని మెట్లెక్కి వచ్చింది. తలుపు తీసే ఉంది. "వదినా" అనబోయింది. పాండురంగ వేలు లేచింది. దుర్గాభవాని మాట మింగేసి, కొంగు భుజం మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడిపోయింది. కమలకుమారి వంటింటి గడపలో ఖాళీ ప్లేట్లతో నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ మగవాళ్ల ధ్యానం చూస్తే ఇద్దరికీ నవ్వొచ్చింది. చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. పాట నింపాదిగా సాగింది, తర్వాత ఇంకో పాట మొదలైంది, అదీ అయింది. సైడు అయ్యాక సీతారామయ్య "అద్భుతమండీ" అన్నాడు. అప్పుడు దుర్గాభవాని చెప్పింది. "మీ తమ్ముడు సాంబయ్య మా ఇంటికి ఫోన్ జేసిండు వదినా. మీ ఫోన్ ఎంతసేపు జేసినా ఎంగేజే వస్తుందంట. ఈ నంబరుకు జర జల్ది చెయ్యమన్నడు."

కమలకుమారి చేసింది. సాంబయ్య "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు.

దినాల మధ్యలో తమ్ముడు మిగతాది చెప్పాడు. ఆ రోజు దమ్ము ఎక్కువైతే భువనగిరి దవాఖానాకు తీసుకుపోదామని ఆటో తెచ్చాడట. ఆటో ఎక్కేముందు ఉప్పలమ్మ బూతు ముందు ఆపమన్నదట. కమలతో ఒక్క మాట మాట్లాడతానన్నదట. నంబరు తిప్పి రిసీవర్ ఆమె చెవికి పెట్టారు. ఎంగేజ్ టోన్. మళ్లీ తిప్పారు. మళ్లీ అదే. ఉప్పలమ్మ రిసీవర్ తిరిగి ఇచ్చేస్తూ, "ఎవ్వలతోనో మాట్లాడుతున్నట్టుంది తియ్. మాట్లాడుకోనియ్ బిడ్డను" అన్నదట. దవాఖానా చేరకముందే ఆటోలోనే పోయింది.

కమలకుమారి ఏడవలేదు. శవం దగ్గర ఏడవలేదు, దినాలలో ఏడవలేదు. "పట్నం నీళ్లు తాగి రాయయింది" అన్నారు ఊళ్లో ఆడవాళ్లు. "మా కోడలు ధైర్యం గల్లది" అంది శ్యామలమ్మ, వియ్యపురాలి ఇంట్లో కోడలి గుణం చెప్పే అవకాశం దొరికిందని. తిరుగు ప్రయాణంలో పాండురంగ అన్నాడు, "గంట ముందు తెలిసినా ఏం జేసేదానివి జెప్పు. నువ్వు పొయ్యేసరికి ఎట్లయినా ఆలస్యమే." లెక్క సరిగ్గానే ఉంది. ఆమె తల ఊపింది. లెక్కలో రానిది ఏదో ఉందని మాత్రం తెలుస్తోంది. దుర్గాభవానిని చూసి తాను నవ్విన నవ్వు ఒక్కటే పంటి కింద రాయిలా మిగిలింది. తన తల్లి ఊపిరి ఆగిన కబురు గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు, తాను ఖాళీ ప్లేట్లు పట్టుకుని నవ్వుతోంది.

అప్పటి నుంచీ ఆమెకు ఏదీ తగలడం లేదు. పెనం అంటుకుంటే చుర్రుమనడం కంటే ముందు వాసన తెలుస్తోంది. కూరలో ఉప్పు ఎక్కువైందని అత్త అంటే, అయ్యుండొచ్చు అనిపిస్తుంది. బాగుందంటే, బాగుందేమో. ఒకే పక్కకు ఒత్తిగిలి చాలాసేపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి, అది తన చెయ్యేనా అని తడిమి చూసుకుంటామే, అట్లా ఒళ్లంతా తిమ్మిరెక్కింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం కూడా ఒక సుఖమేనేమో అనుకుని వంట చేసింది, బట్టలు ఉతికింది, సుద్దగీతల చుట్టూ తుడిచింది, ఉద్యోగానికి వెళ్లొచ్చింది.

ఆమె ఉద్యోగం హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో. రోజంతా ఫోన్లు ఎత్తడమే పని. నల్లగొండ నుంచో, జనగామ నుంచో ఎవరెవరి తల్లులో చేస్తారు. "మా పిలగాడు తిన్నడా మేడమ్?" "జర మా అమ్మాయికి జెప్పుండ్రి, జెరం తగ్గిందా అని అమ్మ అడిగిందని." అన్నిటికీ జవాబు చెప్తుంది. ఒక్క ఫోను కూడా వదలదు. అటెండరు రాని రోజు డైరెక్టరు చాయ్ ఆమెనే పెట్టమంటాడు, "మీ చేతి చాయే బాగుంటది మేడమ్" అని నవ్వుతూ. ఆ మాట ఎమ్మెస్సీ చదివిన ఫిజిక్స్ సారుతో ఎందుకు అనడో అని ఒకప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు పెట్టి ఇస్తుంది. "మీ గొంతులో టెన్షన్ ఉండదు మేడమ్, పేరెంట్స్ ఎంత అరిచినా కూల్‌గా ఉంటరు" అని ఆయన మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నాడు. మొగుడూ మెచ్చుకున్నాడు. "ఈ మధ్య నువ్వు మస్తు నిమ్మళమైనవ్" అని. బతికున్న మనిషి కంటే తిమ్మిరెక్కిన మనిషితో అందరికీ పని సులువు.

ఆ తర్వాత, చలికాలంలో ఒక సాయంత్రం, "మల్లాపూర్ దాటిన, ఆన్ జెయ్" అన్న కాసేపటికే ఫోను మళ్లీ మోగింది. రోడ్డు తవ్వారట, బస్సు కదలడం లేదట. "లేటయితది. ఆఫ్ జేసి పెట్టు. ఊకె వెలగొద్దు" అన్నాడు పాండురంగ. శ్యామలమ్మ గుడికి వెళ్లింది. కమలకుమారి స్విచ్ దగ్గరికి వచ్చింది. వాల్వులు నిండుగా వెలుగుతున్నాయి. ముఖానికి వెచ్చగా తగిలింది. చేసిన వేడి వృథా పోనివ్వకూడదని ఇన్నేళ్ల వంటింటి అలవాటు. కాగిన నూనెలో నాలుగు అప్పడాలు వేయిస్తాం, దించిన పొయ్యి మీద పాలగిన్నె పెడతాం. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు. ప్లేయర్ మీద నిన్నటి రికార్డే ఉంది. ఆయన పెట్టేటప్పుడు వందసార్లు చూసింది కాబట్టి సూది పెట్టడం తెలుసు. పెట్టి, వంటింటి గడపలోకి వెళ్లి నిలబడింది. అక్కడి నుంచి వినడమే ఆమెకు తెలుసు.

అదే గజళ్లు. వంటింట్లోకి అవి ఎప్పుడూ ఒక ముద్దలా, గోడకు తగిలి వచ్చేవి. ఎందుకో నాలుగడుగులు ముందుకు వేసింది. ఇంకో నాలుగు. కాళ్లకు పేము కుర్చీ తగిలింది. కూర్చుంది.

గాయని గదిలో ఉంది. ఇంకో మాట లేదు దానికి. స్పీకర్లలో కాదు, రెంటి మధ్య ఖాళీలో, ఎదురుగా, ఒక మనిషి కూర్చుని ఉంటే ఎంత ఎత్తులో నోరు ఉంటుందో అంత ఎత్తులో ఆ గొంతు ఉంది. ముసలి గొంతు, కొంచెం బొంగురు. కమలకుమారికి ఉర్దూ కూరగాయల బేరానికి సరిపడా వచ్చు, గజళ్లకు చాలదు. మాటలు అర్థం కాలేదు. పల్లవి అయింది. తబలా ఆగింది. అప్పుడు ఆ గొంతు ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది.

కమలకుమారి చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది, రిసీవర్ పట్టుకున్నట్టు. "చెప్పమ్మ" అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడ ఆగింది. గాయని చరణం ఎత్తుకుంది. కమలకుమారి సూది ఎత్తి, స్విచ్ ఆపి, గుడ్డ కప్పి, వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది. చేతికెక్కిన తిమ్మిరి వదిలేటప్పుడు మొదట సూదులు గుచ్చుతాయని అందరికీ తెలిసిందే. ఆమెకు భయం వేసింది. ఆరు నెలల తర్వాత ఆమెకు తగిలిన మొదటి సంగతి ఆ భయం.

మర్నాడు హబ్సిగూడలో చాయ్ పెట్టమంటే, "బస్ టైమయింది సార్" అని తొందరగా వచ్చేసింది. పాండురంగ ఫోను రాకముందే డబ్బా ఆన్ చేసింది. అత్తగారు గుడికి వెళ్లే వేళ చూసుకుని రోజూ ఒక సైడు వినడం మొదలుపెట్టింది. కుర్చీలోనే కూర్చునేది. ప్రతిసారీ ఆ ఊపిరి దగ్గర ఆగిపోయేది. ఏడుపు అక్కడే ఉంది, తలుపు అవతల నిలబడినట్టు, కొంగు భుజం మీదికి లాక్కుని. ఎవరో వేలు ఎత్తితే ఆగిపోయినట్టు. రానియ్యాలని ఆమెకు ఉంది. కానీ ఫోను వస్తుంది, అత్త వస్తుంది, బియ్యం నానతాయి. లేచి గుడ్డ కప్పేస్తుంది. ఒక్కసారి, మొత్తం సైడు, ఎవరూ వస్తారన్న ధ్యాస లేకుండా వింటే చాలు, అది వచ్చేస్తుంది అనిపించేది. అంతకంటే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. అదొక్కటీ లేకపోతే మాత్రం ఈ తిమ్మిరి ఇక ఎప్పటికీ వదలదని కూడా తెలుసు.

దొంగతనం ఎన్నాళ్లు దాగుతుంది? జూన్ చివరి ఆదివారం సీతారామయ్య వచ్చి, మీటరు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ పెద్ద వాల్వు అలసిపోతోందండీ పాండురంగ గారూ. రోజూ ఎంతసేపు వింటున్నారేమిటి?"

"రోజుకో గంట సార్. అంతకంటె టైమేడిది?"

"గంటకైతే ఇంత అరగదే."

కమలకుమారి చాయ్ కప్పులు బల్ల మీద పెట్టింది. "నేను గూడ వింటున్న" అంది.

"ఓహో, మంచిదేనమ్మా, సంగీతమంటే మీకూ ఇష్టమన్నమాట" అన్నాడు సీతారామయ్య మర్యాదగా. పాండురంగ నవ్వాడు. "ఆమెకేం తెలుస్తది సార్, చెవిటోని ముందట శంఖమూదినట్టు. ఏదో టైంపాస్." అతిథి ముందు కాబట్టి నవ్వు. అతిథి మెట్లు దిగాక నవ్వు పోయింది.

"వాల్వులకు ఆయుష్షు ఉంటది కమలా. ఒక్కో గంటా తగ్గుతుంటది. అరిగిపొయ్యేదాన్ని పొదుపుగ వాడుకోవాలె. ఈడ దొరకవు అవి. నేను ఫోన్ జేసినప్పుడే ఆన్ జెయ్, ముందుగాల్ల ముట్టకు. వినాలనుకుంటే ఆదివారం మా తోటి విను, నిన్నెవరొద్దన్నరు? కిచెన్లకెల్లి మంచిగనే వినబడుతది గదా."

ఆమె ఖాళీ కప్పులు తీసింది. అరిగిపోయేవాటికి ఈ ఇంట్లో ఎంత మర్యాద ఉందో కదా అనుకుంది. వాటికి గుడ్డ కప్పుతారు, మీటరు పెట్టి చూస్తారు, అలసిపోయిందండీ అంటారు.

"ఇంగో మాట. వచ్చే ఆదివారానికి ఏడాదైతది మనది మొదలుపెట్టి. సీతారామయ్య సార్‌నూ వాళ్లనూ పిలిచిన. పోయినసారి లెక్కనే మిర్చి బజ్జీలు జెయ్. అందరు ఇప్పటికీ యాద్ జేస్తరు ఆ బజ్జీలు."

కమలకుమారి అతని ముఖంలోకి చూసింది. అక్కడ దుర్మార్గం ఏమైనా ఉంటే బాగుండును. లేదు. నిజంగానే గుర్తు లేదు. ఉప్పలమ్మ తిథికి ఊరెళ్లి పదిరోజులైనా కాలేదు, సాంబయ్య పెట్టిన సంవత్సరీకం భోజనం తిని "పప్పు మంచిగున్నది" అని కూడా అన్నాడు. కానీ ఆయన మనసులో ఆ ఆదివారం బజ్జీల రోజు, డబ్బా పుట్టినరోజు.

"సరే" అంది. సరే అన్నది దేనికో ఆమెకే ఇంకా తెలియదు.

ఆదివారం ముసురు పట్టలేదు, ఉక్కపోత. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాండురంగ స్కూటర్ తీసుకుని సీతారామయ్యను తేవడానికి హబ్సిగూడ వెళ్లాడు. మిగతా ఇద్దరూ నాచారం చౌరస్తాలో కలుస్తామన్నారు. కమలకుమారి గిన్నెలు కడిగి బోర్లించింది. వంటింటి గట్టు తుడిచింది. మిరపకాయలు కడిగి గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి. వాటిని సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. శ్యామలమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది.

"నూనె పెట్టలేదేందే? వాండ్లొచ్చే యాళ్లయింది."

"ఇయ్యాల మా అమ్మ పోయిన దినం అత్తమ్మా."

"తిథి అయిపాయె గదా."

"తిథి తమ్మునిది. ఇయ్యాలది నాది."

శ్యామలమ్మ కోడలి వంక కాసేపు చూసింది. ఆమెకూ ఒక తల్లి ఉండేది, ఆమె ఎప్పుడు పోయిందో, అప్పుడు తాను ఏ పొయ్యి ముందు ఉందో ఆ ముఖంలో ఏమీ తేలలేదు. "వాడొచ్చి అడిగితె నన్ను లాగకు" అని అటు తిరిగి పడుకుంది. అయినా పడుకునే ముందు చెయ్యి చాపి తన గది ఫ్యాన్ ఆపేసింది, సైడు పెట్టేటప్పుడు ఆపడం అలవాటు కదా.

ఫోను మోగింది. "చౌరస్తల ఉన్నం. అందరు వచ్చిన్రు. ఆన్ జెయ్."

"ఆన్లనే ఉంది" అంది కమలకుమారి.

రిసీవర్‌ను దాని చోట జాగ్రత్తగా పెట్టింది. సరిగ్గా కూర్చుందో లేదో ఇంకోసారి నొక్కి చూసింది. ఫోను తెచ్చి కుర్చీ పక్కనే, నేల మీద, వైరు అందేంత దూరంలో ఉంచుకుంది. హాల్లో ఫ్యాన్ ఆపింది. వాల్వులు అప్పటికే బాగా వేడెక్కి ఉన్నాయి, దగ్గరికి వెళ్తే పసిపిల్ల ఒంటి జ్వరంలా తెలుస్తోంది. రికార్డు కవరులోంచి తీసి, కొంగుతో కాదు, ఆయన వాడే మెత్తటి గుడ్డతోనే తుడిచింది. తలుపు గడియ పెట్టలేదు. బార్లా తీసి ఉంచింది, ఆ రోజు ఉన్నట్టే. కింద స్కూటర్ ఆగిన చప్పుడు విన్నాక సూది పెట్టి, వచ్చి పేము కుర్చీలో కూర్చుంది. కూర్చోవడంలో కుర్చీ కాలు ఒకటి జరిగి సుద్దగీత చెరిగింది. చూసింది, సర్దలేదు.

మెట్ల మీద నాలుగు జతల చెప్పులు. పాండురంగ గొంతు, ఇరానీ హోటల్ కథ, గల్లాపెట్టె దాకా వచ్చింది. గుమ్మంలోకి వస్తూనే అతను ఆగాడు. వెనక వస్తున్నవాళ్లు అతనికి తగిలి ఆగారు. అతని చూపు కుర్చీ మీదికి, అక్కడి నుంచి పొయ్యి వెలగని వంటింట్లోకి, మళ్లీ కుర్చీ మీదికి వచ్చింది.

"కమలా, ఇదేం..."

ఆమె తల తిప్పలేదు. చూపుడువేలు ఎత్తి పెదాల మీద పెట్టుకుంది.

పాండురంగ ముందుకు వేసిన అడుగు అక్కడే ఉంది. అతని వెనక సీతారామయ్య, నియమం తెలిసిన మనిషి, పాట నడుస్తోందని చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. అది చూసి మిగతా ఇద్దరూ నిలబడ్డారు. నలుగురి ముందు తన ఇంటి శాసనం తానే మీరలేక పాండురంగ కూడా నిలబడ్డాడు, నిరుడు దుర్గాభవాని నిలబడిన చోటనే. సైడు ఇప్పుడే మొదలైంది. అది అయ్యేదాకా వాళ్లు నిలబడాలి. ఎవరూ లోపలికి రారు, ఎవరూ చాయ్ అడగరు. ఏడాది తర్వాత ఆమె చేతికి దొరికిన సమయం అది.

పల్లవి అయిపోయింది. తబలా ఆగింది. గదిలో, రెండు స్పీకర్ల మధ్య, మనిషి కూర్చుంటే నోరు ఉండే ఎత్తులో, ఎవరో ఛాతీ నిండా ఊపిరి కూడగట్టుకున్నారు.

కమలకుమారి పెదాల మీది వేలు తీసేసింది.

"చెప్పమ్మ" అంది, అందరికీ వినబడేలా, అప్పటికే ఏడుస్తూ.